బల్ల దగ్గర చాచిన చెయ్యి

2000 జనవరి, మొదటి ఆదివారం. దర్శికి నాలుగైదు మైళ్ల దూరంలో ఉన్న మా ఊరు, మా మాదిగపల్లె గుడి. కొత్త సంవత్సరంలో మొదటి బల్ల కాబట్టి గుడి నిండిపోయింది. ప్రభురాత్రి భోజనాన్ని మా వైపు అందరూ బల్ల అనే అంటారు. ఆడవాళ్లం ఎడమవైపు చాపల మీద కూర్చున్నాం. అయిదేళ్ల మా పాప నా ఒళ్లో ఉంది. సంఘపెద్ద ఒకాయన రొట్టెముక్కల పళ్లెం పట్టుకుని వరస వెంట వస్తున్నాడు. నేనొక ముక్క తీసుకున్నాను. పాప కూడా చెయ్యి చాచింది. లాక్కుందామని కాదు. ఇంట్లో వాళ్ల అమ్మమ్మ బెల్లంముక్క పెట్టేటప్పుడు ఎలా చాస్తుందో అలాగే, అరచెయ్యి గుంటగా చేసి బుద్ధిగా చాచింది. పెద్దాయన ఆగాడు. ఆయన ఏం చేసి ఉండేవాడో నాకు తెలీదు. ఎందుకంటే ఆయన ఏమీ చెయ్యకముందే నేను ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేశాను.

"నాకెందుకు లేదు?" అంది పాప, నలుగురికీ వినపడేలా.

"పెద్దయ్యాక."

"నువ్వేం తిన్నా నాకు పెడతావుగా!"

వెనక వరసలో ఎవరో నవ్వారు. నేను పాప తలని నా భుజానికి అదుముకుని కళ్లు మూసుకున్నాను. అందరూ నేను ప్రార్థన చేసుకుంటున్నాననుకుని ఉంటారు. నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. అప్పుడు సిగ్గుపడింది పాప అడిగినందుకు. ఇప్పుడు సిగ్గుపడుతున్నది నేను చేసినదానికి. ఈ రెండు సిగ్గుల మధ్య పాతికేళ్లు గడిచిపోయాయి. ఈ వ్యాసం ఆ పాతికేళ్ల గురించే.

ముందు ఒక విషయం చెప్పాలి. మా పాప బాప్తిస్మం పొందిన పిల్లే. మా ఆయన వాళ్లది రేపల్లె వైపు లూథరన్ కుటుంబం. వాళ్లలో బిడ్డ పుట్టిన కొద్ది నెలలకే గుడికి తీసుకెళ్లి నెత్తిన నీళ్లు పోయించి పేరు పెడతారు. పాపకి మూడో నెలలో ఆ తంతు జరిగింది. మా పుట్టింటివాళ్లు బాప్తిస్టులు. మాలో పసిపిల్లలకి బాప్తిస్మం లేదు. బిడ్డని పాస్టరు చేతికిచ్చి ప్రార్థన చేయించి ప్రతిష్ఠ చేస్తారు, అంతే. ఊహ తెలిసి, తనంతట తాను నమ్ముతున్నానని నలుగురిలో ఒప్పుకున్నాకనే నీళ్లలో ముంచుతారు. ముంచాకనే బల్లలో చేరుస్తారు.

అందువల్ల మా పాప రెండు గుళ్ల మధ్య చిక్కుకుంది. అమ్మమ్మ గుడిలో దాని బాప్తిస్మం అసలు బాప్తిస్మమే కాదు, కాబట్టి రొట్టె లేదు. నాన్న గుడిలో అది నూటికి నూరుపాళ్లూ బాప్తిస్మమే. కానీ పద్నాలుగో పదిహేనో ఏళ్లొచ్చి, క్యాటికిజం అప్పజెప్పి, కన్ఫర్మేషన్ పొందేదాకా అక్కడా రొట్టె లేదు. శతాబ్దాలుగా నీళ్ల గురించి పోట్లాడుకుంటున్న రెండు సంఘాలూ పసిపిల్ల నోటి దగ్గరకి వచ్చేసరికి మాత్రం ఒక్కమాట మీద నిలబడ్డాయి.

మా ప్రాంతం సంగతి తెలియనివాళ్ల కోసం కాస్త వివరం. 1970లో ఒంగోలు జిల్లా, అంటే ఇప్పటి ప్రకాశం, ఏర్పడక ముందు దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేవి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. మిషనరీలు వచ్చినప్పుడు ఈ నేలని తమలో తాము పంచుకున్నారు. నెల్లూరు, ఒంగోలు నుంచి కనిగిరి, పొదిలి, దర్శి, కంభం, మార్కాపురం దాకా అమెరికన్ బాప్తిస్టులు. గిద్దలూరు, నంద్యాల వైపు ఎస్.పి.జి. వాళ్లు, అంటే ఆంగ్లికన్లు. గుంటూరు వైపు 1842లో హెయర్ దొర వచ్చినప్పటి నుంచి లూథరన్లు. తాతముత్తాతలు ఏ దొర గుడారం దగ్గరికి నడిచి వెళ్లారన్నదాన్ని బట్టి మనవళ్ల సిద్ధాంతం స్థిరపడిపోయింది. మగపిల్లవాడు పుట్టిన గుడిలోనే చచ్చేదాకా ఉంటాడు. ఆడపిల్ల మాత్రం పెళ్లయి బస్సెక్కితే ఇంటిపేరుతో పాటు గుడీ మారుతుంది, దేవుడి గురించి నమ్మవలసిన వివరాలూ మారతాయి. నా బిడ్డకి ఏ వయసులో నీళ్లు పొయ్యాలి, ఏ వయసులో రొట్టె పెట్టాలి అని నన్ను రెండువైపులా ఎవరూ అడగలేదు. తొమ్మిది నెలలు నా రొట్టె తిని, ఆ పైన ఏడాదిన్నర నా పాలు తాగిన బిడ్డ అది.

పిల్లలకి ఎందుకు పెట్టరు అని అడిగితే రెండు సంఘాలూ కొరింథీయులకు పౌలు రాసిన మొదటి ఉత్తరం పదకొండో అధ్యాయం చూపిస్తాయి. అయోగ్యంగా తినకూడదు, తనని తాను పరీక్షించుకుని తినాలి, శరీరాన్ని వివేచించకుండా తింటే శిక్ష తెచ్చుకున్నట్టే అని సారాంశం. పసిపిల్లకి పరీక్షించుకోవడం రాదు, అంచేత పెట్టకూడదు. చిన్నప్పుడు ప్రతి నెలా ఈ మాటలు వింటూ నేను వణికిపోయేదాన్ని.

పెద్దయ్యాక అదే అధ్యాయాన్ని మొదటినుంచి చదివాను. పౌలు కోపం పిల్లల మీద కాదు, తెలియనివాళ్ల మీద అంతకన్నా కాదు. కొరింథు సంఘంలో తీరిక, డబ్బు ఉన్నవాళ్లు ముందుగా వచ్చి కడుపునిండా తిని తాగేవాళ్లు. లేనివాళ్లు, పని ముగించుకుని వచ్చేవాళ్లు, ఆకలితో నిలబడిపోయేవాళ్లు. లేనివాళ్లని సిగ్గుపరుస్తున్నారని పౌలు కోపం. ఒకరి కోసం ఒకరు ఆగండి అని చివర్లో సలహా. శరీరాన్ని వివేచించడం అంటే పక్కనున్నవాళ్లు కూడా ఆ శరీరంలో భాగమేనని గుర్తించడం అని చాలామంది పండితులు చెప్తారు. ఆ లెక్కన ఆ రోజు మా గుడిలో శరీరాన్ని వివేచించనిది చెయ్యి చాచిన పాపా, దాన్ని వెనక్కి లాగిన నేనా?

యోగ్యత అనే మాట మీద నాకు అనుమానం రావడానికి ఇంకో కారణం మా అమ్మ.

1966లో నాకు ఎనిమిదో నెల. విరేచనాలు, జ్వరం. దర్శికి నడిచి వెళ్లి కాంపౌండరు దగ్గర మందు తెచ్చారు. తగ్గలేదు. ఎవరో చెప్తే అమ్మా నాన్నా కలిసి రాత్రిపూట నన్ను పోలేరమ్మ చెట్టు దగ్గరికి తీసుకెళ్లి తాయెత్తు కట్టించారు. మందుతోనో తాయెత్తుతోనో నేను బతికాను. నా మెడలో నల్లతాడు ఎవరో చూశారు. సంఘ కూటంలో అమ్మ పేరు చదివి బల్లకి దూరం పెట్టారు. పదకొండు నెలలు. నాన్న పేరు చదవలేదు. తాయెత్తుకి డబ్బు ఇచ్చింది నాన్నే, నన్ను ఎత్తుకుని నడిచింది నాన్నే. అయినా ఇంట్లో విగ్రహం జొరబడితే అది ఆడదాని వల్లేనని పెద్దలకి ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలుసు. పదకొండు నెలలూ నాన్న ప్రతి మొదటి ఆదివారం రొట్టె తిన్నాడు. అమ్మ నన్ను ఒళ్లో పెట్టుకుని గోడవారన కూర్చుంది. చివరికి సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నాక మళ్లీ చేర్చుకున్నారు.

ఈ కథ అమ్మ నాకు చెప్పింది నా పెళ్లయ్యాక, అదీ మామూలు గొంతుతో, కందులు చెరుగుతూ. నేను ఉడికిపోతుంటే ఇంకోమాట అంది: "రసం మాత్రం నేనే కాచినాలే ఆ పదకొండు నెల్లూ. పాస్టరమ్మకి అప్పుడు నడుం నొప్పి."

బల్ల ఎలా తయారవుతుందో మన పత్రికల్లో ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. శనివారం సాయంత్రం పాస్టరమ్మ, ఆమెకి తోడు ఒకరిద్దరు ఆడవాళ్లు కూర్చుంటారు. నల్లద్రాక్ష దొరికే రోజుల్లో ద్రాక్ష, లేకపోతే ఎండుద్రాక్ష నానబెట్టి ఉడకబెట్టి పిసికి గుడ్డతో వడకడతారు. పులవని పిండి కలిపి రొట్టె కాల్చి, చల్లారాక వేలిగోరంత ముక్కలు చేస్తారు. చిన్న గ్లాసులు కడిగి బోర్లిస్తారు. బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతికి ఇస్త్రీ చేస్తారు. ఆదివారం ఆ గుడ్డ మడత విప్పేది మగచేతులు, పళ్లెం పట్టుకుని తిరిగేవి మగచేతులు. విమల 'వంటిల్లు' చదివాక మనం వంటింటి గురించి చాలా మాట్లాడుకున్నాం. వడ్డన గురించి, ఎవరికి వడ్డించాలో నిర్ణయించే అధికారం గురించి అంత మాట్లాడుకోలేదేమో అనిపిస్తుంది.

ముట్టు రోజుల్లో మా పల్లె ఆడవాళ్లు కొందరు బల్ల తీసుకోరు. అది సంఘం పెట్టిన నియమం కాదు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. తామే వెనక వరసలో కూర్చుని పళ్లెం వచ్చినప్పుడు తల అడ్డంగా ఊపుతారు. ఇది మన ఊళ్ల మడి మాత్రమే అనుకునేదాన్ని. మూడో శతాబ్దంలోనే అలెగ్జాండ్రియా బిషప్పు డయొనీషియస్ ముట్టయిన స్త్రీ ఆ బల్ల దగ్గరికి రాకూడదని రాశాడని తర్వాత చదివాను. అదే శతాబ్దంలో సిరియా వైపు పుట్టిన డిడస్కాలియా అనే గ్రంథం, ఆ రోజుల్లో స్త్రీని ఆత్మ విడిచిపోతుందా ఏమిటి, అలా దూరంగా కూర్చోవద్దని స్త్రీలతో వాదిస్తుంది. 601లో పోపు గ్రెగరీ కూడా ఆమెని ఆపకూడదనే అన్నాడు. వాదన అంత పాతది. మా ఊళ్లో వెనక వరస ఇంకా ఉంది.

ఇలా చూస్తే పసిపిల్లల ప్రశ్న విడిగా ఉన్న ప్రశ్న కాదు. బల్లకి కంచె కడితే అది ముందు ఎవరికి తగులుతుందన్న ప్రశ్నలో అదొక భాగం. యోగ్యత కొలిచే కొలబద్ద ఒకటి చేతికొచ్చాక దాన్ని పట్టుకునేవాడెప్పుడూ దానితో తనని కొలుచుకోడు. మా తాతలకి ఊళ్లో టీకొట్టు దగ్గర గ్లాసు వేరు. ఆ గ్లాసు బయట చూరుకింద బోర్లించి ఉండేది. అవమానం రుచి తెలిసిన మనుషులు ఒక గుడి కట్టుకున్నారు. అక్కడ గ్లాసులన్నీ ఒకటే. అది చిన్న సంగతి కాదు, నేను దాన్ని తక్కువ చెయ్యను. కానీ అదే గుడిలో ఎవరికి గ్లాసు అందకూడదో మళ్లీ మనమే లెక్కపెట్టుకుంటున్నామన్నది నాకు మింగుడుపడదు.

అయితే ఈ వాదన వినిపించి నేను గెలిచాననుకున్న రోజునే అమ్మ నా నోరు మూయించింది.

"పసిబిడ్డకి బాప్తిస్మం ఇచ్చినాం గదా రొట్టె కూడా పెట్టండి అంటావు. నేను అసలు బాప్తిస్మమే ఎందుకిచ్చినారంటా. మనల్ని అడిగినోళ్లు యాడున్నారమ్మాయ్? చెప్పులు కుట్టమన్నారు, కుట్టినాం. గొడ్డు చస్తే ఈడ్చుకుపొమ్మన్నారు, ఈడ్చుకుపోయినాం. పిల్లని ఫలానావోడికి ఇయ్యమన్నారు, ఇచ్చినాం. మా అవ్వ వాళ్ల అమ్మని గుండ్లకమ్మలో దించినప్పుడు పేరు పెట్టి పిలిచి అడిగినారంట, నమ్ముతున్నావా అని. దాని జన్మలో దాన్ని ఒకరు అడగటం అదే మొదలంట."

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. అమ్మ చెప్పినదాని వెనక పెద్ద చరిత్ర ఉంది. 1866లో కనిగిరి దగ్గర తాళ్లకొండపాడు నుంచి ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య బాప్తిస్మం తీసుకోవడంతో మాదిగల్లో మొదలైన ఉద్యమం అది. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని మావాళ్లకి పని ఇచ్చాడు. కానీ కూటి కోసం వచ్చారనే మాట రాకుండా కరువు తగ్గేదాకా బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మంది మునిగారు. అంత గుంపులోనూ ఒక్కొక్కరిగా మునిగారన్నదే మా ఇళ్లలో చెప్పుకునే గొప్ప. ఆదివారం పని చెయ్యం, చచ్చిన గొడ్డు మాంసం తినం, విగ్రహాలకి మొక్కం అని వాళ్లు మాట ఇచ్చారు. బల్ల దగ్గర కూర్చోవడానికి ముందు ఒక తిండిని వదులుకున్నారు. ఆ తిండి వాళ్ల పనికి ఊరు పడేసిన కూలి కూడా. వదులుకోవడం ఎవరికి వాళ్లు చేసిన నిర్ణయం.

ఈ చరిత్రని రాసినవాళ్లలో ఒకామె మన పత్రిక పాఠకులకి తెలియవలసిన మనిషి. ఎమ్మా రౌషెన్‌బుష్. 1882లో ఒంగోలు మిషన్‌కి వచ్చింది. 1894లో క్లౌని పెళ్లి చేసుకుంది. మాదిగల నోటి కథలు విని 1899లో 'వైల్ సూయింగ్ శాండల్స్' రాసింది. దానికి ఒక ఏడాది ముందు, 1898లో, ఆమె ప్రచురించిన పుస్తకం మేరీ ఉల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద, స్త్రీల హక్కుల మీద. ఒంగోలు మాదిగపల్లెల్లో తిరిగిన మనిషి, ఉల్‌స్టన్‌క్రాఫ్ట్‌ని చదివిన మనిషి ఒకరే. ఆమె తండ్రి తరతరాల లూథరన్ పాస్టర్ల వంశంలో పుట్టి, అమెరికా వెళ్లాక బాప్తిస్టుగా మారాడు. అంటే పసితనంలో ఎవరో పోసిన నీళ్లు చాలవని, తానే అడిగి మళ్లీ మునిగినవాడు. మా ఇంట్లో భార్యాభర్తల మధ్య ఉన్న గొడవ ఆయన ఒక్కడి జీవితంలోనే జరిగిందన్నమాట. ఎమ్మా ఇంటి నుంచి తెచ్చుకున్న నమ్మకం, ఉల్‌స్టన్‌క్రాఫ్ట్‌లో చదివిన వాదం రెండూ ఒకచోట కలుస్తాయి. మనిషి తరఫున ఇంకొకరు ఒప్పుకోకూడదు. ఆడమనిషి తరఫున అసలే ఒప్పుకోకూడదు.

పదిహేనేళ్లకే పెళ్లయిపోయిన మా పిన్ని కూతుర్ని తలుచుకుంటే అమ్మ మాట ఇంకా బరువెక్కుతుంది. స్త్రీవాదిని అని చెప్పుకుంటూ, అడగకుండా ఇవ్వడాన్ని నేనెలా సమర్థించను?

చాలా ఏళ్లు ఇక్కడే ఆగిపోయాను. నన్ను కదిలించింది ఒక పసిపిల్ల కథ. దాదాపు 251లో ఉత్తర ఆఫ్రికాలో కార్తేజి బిషప్పు సిప్రియన్ రాశాడు. హింసాకాలంలో తల్లిదండ్రులు పారిపోతూ ఒక ఆడబిడ్డని దాది దగ్గర వదిలారు. దాది ఆ బిడ్డని అధికారుల దగ్గరికి తీసుకెళ్లింది. వాళ్లు విగ్రహాలకి పెట్టిన ద్రాక్షసారాయిలో తడిపిన రొట్టె బిడ్డ నోట్లో పెట్టారు. తర్వాత తల్లి తిరిగొచ్చి, ఆ సంగతి తెలియక, బిడ్డని ఎత్తుకుని ఆరాధనకి వెళ్లింది. వరసగా అందరికీ ఇస్తూ డీకను ఆ బిడ్డ దగ్గరికి గిన్నె తెచ్చాడు. బిడ్డ మొహం తిప్పేసుకుంది, పెదాలు బిగించింది. డీకను వదల్లేదు. బలవంతంగా నోట్లో పోశాడు. బిడ్డ వెక్కి కక్కేసింది.

సిప్రియన్ ఇందులో చూసింది దేవుడి తీర్పు: మైలపడిన నోట్లో పవిత్రమైనది నిలవలేదు. చరిత్రకారులు చూసేది ఇంకొకటి: మూడో శతాబ్దంలో చంకలో బిడ్డకి కూడా గిన్నె అందించడం ఎంత మామూలంటే, సిప్రియన్ దాన్ని వివరించనేలేదు. నాకు కనిపించింది మూడోది. చిన్నపిల్ల నోరు బిగించింది, పెద్ద మగవాడు ఆ నోరు తెరిచాడు. నా మెడలో తాయెత్తుకి మా అమ్మ శిక్ష అనుభవించినట్టే, ఎవరో పెద్దవాళ్లు పెట్టిన రొట్టెకి ఆ పిల్ల మైల మోసింది.

ఆ కథ చదివాక నాకు ఒక తేడా తెలిసింది. పెట్టడం వేరు, కుక్కడం వేరు. పసిబిడ్డకి మాటలు రాకపోయినా చెయ్యి చాచడం వచ్చు, మూతి తిప్పుకోవడం వచ్చు. అన్నప్రాసన చేసిన ఏ తల్లినడిగినా చెప్తుంది. అమ్మ అడిగే "ఒప్పుకోలు" మాటల్లోనే ఉండాలా? జీవితమంతటికీ కట్టుబడే ప్రమాణం చెయ్యాలంటే మాటలు కావాలి, వయసు కావాలి. ఆ విషయంలో అమ్మతో నాకు తగాదా లేదు. బాప్తిస్మం కోసం బిడ్డ పెద్దయ్యేదాకా ఆగుతామనే సంఘం బిడ్డని గౌరవిస్తోంది. కానీ ఒకసారి నీళ్లు పోసి, నువ్వు ఈ ఇంటి బిడ్డవు అని నలుగురిలో పేరు పెట్టి పిలిచాక, ఇంటిబిడ్డకి పంక్తిలో విస్తరి లేదనడం ఏ న్యాయం? నీళ్ల దగ్గర ఏమీ తెలియకపోయినా ఫరవాలేదు, రొట్టె దగ్గర మాత్రం అన్నీ తెలియాలి అనడానికి ఆధారమేమిటి? తూర్పు సంఘాలు ఈ రెంటినీ విడదియ్యనేలేదు. కేరళలో మలంకర ఆర్థడాక్స్ వాళ్లు ఇప్పటికీ బిడ్డకి బాప్తిస్మం ఇచ్చినరోజే నోటికి సంస్కారం అందిస్తారు.

పడమటి సంఘాలు ఎందుకు మానేశాయో చూస్తే నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. పసివాళ్లు రొట్టె మింగలేరని వాళ్లకి ద్రాక్షరసమే ఇచ్చేవారు. పన్నెండు, పదమూడు శతాబ్దాల్లో ఒక్క చుక్క ఒలికినా అపచారమనే భయంతో మామూలు జనానికి గిన్నె అందించడం మానేశారు. గిన్నె పోయేసరికి పసివాళ్లకి ఏమీ మిగల్లేదు. 1215లో నాలుగో లాటరన్ మహాసభ వివేకం వచ్చే వయసుకి సంస్కారాన్ని ముడిపెట్టింది. ముందు ఒలికిపోతుందన్న భయం, తర్వాత దానికి తగిన సిద్ధాంతం. తిరుగుదారి కూడా మెల్లగానే పడింది. 1910లో పోపు పదో పయస్ కతోలిక పిల్లలకి ఆ వయసుని సుమారు ఏడేళ్లకి దించాడు. 1982లో పెరూలోని లీమా నుంచి వచ్చిన సంఘాల ఉమ్మడి పత్రం, బిడ్డలకి బాప్తిస్మం ఇచ్చి భోజనం ఇవ్వనివాళ్లు తామిచ్చిన బాప్తిస్మం అర్థాన్ని ఇంకోసారి ఆలోచించుకోమంది. మన ఆంధ్ర లూథరన్లకి మిషనరీలని పంపిన సంఘాల వారసురాలైన అమెరికా లూథరన్ సంఘం 1997లో, బాప్తిస్మం రోజునే పసిబిడ్డకి కూడా ఇవ్వవచ్చంది. ఇంగ్లాండు సంఘం 2006లో, బిషప్పు అనుమతితో కన్ఫర్మేషన్‌కి ముందే పిల్లలకి ఇచ్చేందుకు నియమాలు చేసింది. లూథరు 1529లో రాసిన చిన్న క్యాటికిజంలోనే యోగ్యత అంటే "నీ కోసం" అన్న మాటని నమ్మడమేనని ఉంది. ఒళ్లో కూర్చున్న పిల్ల కన్నా ఆ మాటని ఎవరు ఎక్కువ నమ్ముతారు?

ఇదంతా నేను చదువుకునేసరికి ఆలస్యమైపోయింది. 2008లో మా పాపకి పద్నాలుగేళ్లు వచ్చాయి. నాన్నమ్మ గుడిలో కన్ఫర్మేషన్ క్లాసులు మొదలయ్యాయి. పాప నెల్లాళ్లు వెళ్లింది. క్యాటికిజం అంతా కంఠతా వచ్చేసింది. తెల్లగౌను కుట్టించాం. వారం ముందు వచ్చి, "నాకు వద్దమ్మా" అంది. నమ్మకం లేదా అనడిగాను. "అదికాదు. నేను అడిగినప్పుడు పెట్టలేదు. ఇప్పుడు పరీక్ష పాసైతే పెడతారంట. నాకు ఆకలి లేదు" అంది. వాళ్ల నాన్న బతిమాలాడు, నాన్నమ్మ ఏడ్చింది. నేను ఏమీ అనలేదు. కార్తేజిలో పెదాలు బిగించిన పిల్ల గుర్తొచ్చి ఊరుకున్నాను. ఆ గౌను ఇప్పటికీ నా బీరువాలో ఉంది. నా కూతురు ఇవాళ్టికీ ఏ గుడిలోనూ రొట్టె తినలేదు. నా చెయ్యి వల్లనే అని నేనంటే, అంత గొప్ప చెయ్యేం కాదులే నీది అని నవ్వుతుంది. నాకు మాత్రం నవ్వు రాదు.

ఇప్పుడు దానికొక కూతురు, రెండేళ్లు నిండాయి. బాప్తిస్మం ఎప్పుడని వాళ్ల నాన్నవైపు వాళ్లు అడుగుతూనే ఉన్నారు. పోయిన క్రిస్మస్ ముందు నా కూతురు గుంటూరులో పాస్టరు గారి దగ్గరికి వెళ్లి ఒకటే మాట చెప్పొచ్చింది: "బాప్తిస్మం ఇప్పిస్తాను. అయితే ఆ తర్వాత అది చెయ్యి చాచిననాడు మీరు పెట్టాలి. పెట్టలేమంటే చెప్పండి, అదే పెద్దయ్యాక అడుగుతుంది." ఆయన మంచివాడు. కోప్పడలేదు. పైవాళ్లని అడిగి చెప్తానన్నాడు.

పండక్కి అందరం మా ఊరు వెళ్లినప్పుడు ఈ సంగతి అమ్మకి చెప్పాను. ఎనభై దాటాయి, మంచం దిగలేదు. ఇప్పుడు రొట్టె మంచం దగ్గరికే వస్తోంది. రసం కాచేది ఇంకెవరో. దేవుడితో బేరమాడుతుందా అని మనవరాలిని తిడుతుందనుకున్నాను. అమ్మ కాసేపు చూరుకేసి చూసి, "అడగనీయే. అన్నం పెట్టని ఇంటికి బిడ్డనెవురిస్తారు?" అంది.

పాస్టరు గారి దగ్గర్నుంచి ఇంకా కబురు రాలేదు.